వెలగలేదని చెప్పిన లైటు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నాలో ఉండిపోయింది. "వెలగలేదు." అంతే. ఆ మాట ఒక మనిషి కళ్ళలోకి చూస్తూ అన్నాను. అన్నప్పుడు అదేమంత బరువుగా లేదు. ఇప్పుడు మెట్లెక్కుతుంటే బరువు, కంచం ముందు కూర్చుంటే బరువు, ఎవరైనా నన్ను మంచివాడంటే మరీ బరువు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నానేమో. లేక ఇందులోనూ ఉన్నది పిరికితనమేనా?

మా నాన్న తణుకు దగ్గర పల్లె నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ విశాఖపట్నం వచ్చి స్టీల్ ప్లాంటులో చేరాడు. ఆయన తర్వాత నేనూ చేరాను. ఫర్నేసు కంట్రోల్ రూములో నా పని. ఎక్కడ ఎంత వేడి ఉందో తెర మీద చూస్తూ కూర్చోవాలి. హద్దు దాటితే అలారం మోగుతుంది, ఎర్ర గడి వెలిగి ఆరుతూ ఉంటుంది. ఒక బటన్ నొక్కితే మోత ఆగుతుంది. ఆ బటన్‌కు అర్థం "చూశాను" అని. చూశాక చెయ్యవలసింది చెయ్యాలి. కానీ నా విషయంలో ఏళ్ళు గడిచేకొద్దీ చెయ్యి ముందు వెళ్ళేది, కన్ను తర్వాత వెళ్ళేది. మోత ఆగితే చాలు, ప్రమాదం కూడా ఆగిపోయినట్టే అనిపించేది. డ్యూటీలో పక్కన ఇంకొకరు ఉండేవారు కాబట్టి నా జబ్బు ఎప్పుడూ బయటపడలేదు.

మాది పాత డీజిల్ కారు. వాటర్ పంపు పాడై నీళ్ళు కారుతుంటే గాజువాకలో ఒక షోరూం సర్వీసుకు ఇచ్చాను. అక్కడి మెకానిక్ పేరు రమణ. చీపురుపల్లి వైపు రైతు కుటుంబం. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. మొదటి రోజే నన్ను బావా అన్నాడు. మా గోదావరి వైపు బావ అంటే బావే, దారిన పోయే ప్రతివాడూ కాదు. కాస్త చిరాకు పడ్డాను. తర్వాత అలవాటైంది. నిజం చెప్పాలంటే ఇష్టమైంది కూడా.

కారు నాకు అప్పగిస్తూ బానెట్ మీద తట్టి చెప్పాడు. "కొత్త పంపేసినాను బావా. రెండు మూడ్రోజులు కాస్త సూసుకో. ఎర్ర లైటెలిగిందంటే ఉన్నకాడే ఆపీయ్, నాకు ఫోన్ కొట్టు. ఇది మీ ఫర్నేసు కాదు, కాల్తా ఉంటే సూస్తా కూకోడానికి."

నవ్వాను.

మూడో రోజు నా భార్య చెల్లెలి నిశ్చితార్థం. అనకాపల్లి బయల్దేరాం. తాంబూలాలు పుచ్చుకునే వేళ దగ్గర పడుతోంది. పెద్దల తరఫున కూర్చోవలసిన వాళ్ళం మేమే. లంకెలపాలెం దాటుతుండగా ఇంజను వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. సన్నగా మోత మొదలైంది.

"ఏంటండీ అది?" అంది నా భార్య.

డాష్‌బోర్డు మీద మోత ఆపే బటన్ లేదు. ఉంటే నొక్కేవాణ్ణి. లేదు కాబట్టి పాట సౌండు పెంచాను. "కొత్త సామాను కదా, సర్దుకుంటుంది" అన్నాను. ఆమె ఇంకోసారి అడిగింది. సౌండు ఇంకాస్త పెంచాను. ఎంత దూరం పోనిచ్చాను? పాట మొత్తం అయిపోయి ఇంకోటి సగం వరకు వచ్చింది. అదొక్కటే గుర్తు. ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ముందు నుంచి తెల్లటి ఆవిరి లేచింది.

నా భార్యను ఆటో ఎక్కించి పంపేశాను. కారును లాక్కెళ్ళే బండి కోసం ఒక్కణ్ణీ రోడ్డు పక్కన నిలబడ్డాను. బానెట్ ఎత్తి చూశాను. పంపుకు తగిలించిన రబ్బరు గొట్టం మీద క్లిప్పు జారి ఉంది. నీళ్ళన్నీ అక్కడి నుంచే పోయాయి. అది వాళ్ళ తప్పే. అక్కడి వరకు నా పక్షాన న్యాయం ఉంది. కానీ లైటు వెలగగానే ఆపి ఉంటే క్లిప్పు బిగించి నీళ్ళు పోసుకుంటే సరిపోయేది. ఇంజను పోయింది నా వల్ల. ఈ రెండు సంగతులూ నాకు ఆ ఎండలోనే స్పష్టంగా తెలుసు. వాళ్ళు నన్ను ఏమడుగుతారో కూడా తెలుసు. లైటు వెలిగితే ఎందుకు ఆపలేదు?

అప్పుడు నా చెయ్యి మళ్ళీ నాకంటే ముందు వెళ్ళింది. కాదు, అలా రాయడం కూడా అబద్ధమే. ఈసారి కన్నే ముందు చూసింది, బుద్ధి ముందు ఆలోచించింది. వేడిని కొలిచే సెన్సారు ఎక్కడుంటుందో నాకు తెలుసు. చేతికి రుమాలు చుట్టుకుని దాని ప్లగ్గు పీకేశాను. ఆ పాత మోడల్లో ప్లగ్గు ఊడితే ఎర్ర లైటు వెలగదు. ఎవరు చూసినా ఏమనుకుంటారు? పంపు మార్చినప్పుడు మెకానిక్ దాన్ని సరిగా నొక్కలేదు, అందుకే ఊడిపోయింది, అందుకే పాపం ఓనరుకు హెచ్చరిక అందలేదు అనుకుంటారు.

అలాగే అనుకున్నారు. వెంటనే కాదు. నెల రోజులు గొడవ నడిచింది. క్లిప్పు తప్పు ఒప్పుకున్నారు, ఇంజను పోవడం తమ తప్పు కాదన్నారు. నేను ఉత్తరాలు రాశాను, వినియోగదారుల ఫోరానికి వెళతానని బెదిరించాను. చివరికి మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. అక్కడ నేనన్నది ఇదీ: "ఇరవై ఏళ్ళుగా ఎర్ర లైటు చూడడమే నా ఉద్యోగం. చూసి కూడా ఆపకుండా ఉంటానా?" మేనేజరు ఫైలు మూసేశాడు. నాలో దేనికి సిగ్గుపడాలో దాన్నే నా తరఫు సాక్షిగా నిలబెట్టాను. కొత్త ఇంజను వేసిస్తామన్నారు. తప్పు రమణదని రాసుకున్నారు.

మర్నాడు డ్యూటీ దిగి ప్లాంటు దగ్గర కూర్మన్నపాలెంలో టీ తాగుతుంటే రమణ వచ్చాడు.

"బావా, గొడవకి రాలేదు. ఒక్కటే అడుగుతాను. ఆ ప్లగ్గు నా సేత్తో నొక్కినాను. టక్కుమంది. ఈ సెవుల్తో ఇన్నాను. ఎలా ఊడిపోద్ది?"

"నాకేం తెలుసు రమణా."

"క్లిప్పు నాదే తప్పు, నేదనను. ఆ పొద్దు నాలుగు బళ్ళొచ్చి మీద పడ్డాయి, తొందరపడిపోనాను. గాని ప్లగ్గు..." ఆగాడు. "నువ్వు సెప్పు బావా. లైటెలిగిందా, నేదా?"

"వెలగలేదు."

నా మొహంలోకి చూశాడు. అనుమానంగా కాదు. అనుమానంగా చూసినా బాగుండేది.

"అయితే ఎలిగుండదు. నువ్వెందుకు అబద్దమాడతావు? మంటల కాడ పన్జేసే మడిసివి. నా సెయ్యే నన్ను మోసం సేసీసింది." కుడి చెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, పరాయివాడి చెయ్యిని చూసినట్టు. "ఈయాల్టి నుంచి ఎడం సేత్తో తినాల కాబోలు" అని నవ్వబోయాడు.

టీ తాగమన్నాను. వద్దని వెళ్ళిపోయాడు.

అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత ఒకటి రెండు చిన్న గ్యారేజీల్లో చేరాడట. బిగించిన నట్టు విప్పి మళ్ళీ బిగించేవాడట, మళ్ళీ విప్పేవాడట. గంటలో అయ్యే పని పూట పట్టేది. ఎవరూ ఉంచుకోలేదు. ఇదంతా ఆ షోరూంలోనే పనిచేసే మరో మెకానిక్ చెప్పాడు. పైగా నన్ను ఓదారుస్తూ చెప్పాడు. "మీరేటి సేస్తారు సార్, ఆడి సెయ్యి అలాటిది."

మూడు నెలల క్రితం ఎన్ఏడీ కూడలి వైపు ఒక పెట్రోలు బంకులో రమణ కనిపించాడు. టైర్లకు గాలి కొడుతున్నాడు. నాకు ముందు ఒక స్కూటరు. గాలి కొట్టి, ట్యూబు మూత బిగించి, రెండడుగులు వెనక్కి వేశాడు. తిరిగొచ్చి వంగి మూత ముట్టుకున్నాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ వచ్చి ముట్టుకున్నాడు.

స్కూటరాయన నవ్వాడు. "ఏటి బావా, దానికి తాళమేత్తన్నావేటి?"

రమణ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇంకోసారి వంగాడు.

తర్వాతి బండి నాదే. వరసలోంచి తప్పించి రోడ్డెక్కేశాను. అతను నన్ను చూశాడో లేదో తెలియదు.

అప్పటివరకు ఇది ఎప్పుడో చేసిన తప్పనుకునేవాణ్ణి. పాతబడుతుందనీ, ఎప్పటికో అరిగిపోతుందనీ. ఆ రోజు అర్థమైంది, ఇది నేను రోజూ చేస్తున్న తప్పు. ఉద్యోగం తీసేసింది షోరూం, సరే. కానీ అతని చేతి మీద అతనికున్న నమ్మకం తీసేసింది నేను. దాన్ని తిరిగి ఇవ్వగలిగేది కూడా లోకంలో నేనొక్కణ్ణే. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యాన్ని తొమ్మిదేళ్ళుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎందుకు? కొడతాడనా? కొడితే నయమే. అతను నమ్ముతాడని భయం. నమ్మి, ఇన్నేళ్ళూ వెనక్కి తిరిగి చూసుకుంటాడని భయం. ఇదైనా నిజమేనా? పరువు పోతుందన్న భయానికి పెద్ద మాటలు తొడుగుతున్నానా?

నా భార్య ఆ మోత విన్నది. ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఆమె మౌనాన్ని నా మీద ప్రేమనుకుంటూ వచ్చాను. అది కూడా సౌకర్యం కోసమే అనుకున్నానేమో.

కనుక ఇక్కడ సూటిగా రాస్తున్నాను. లైటు వెలిగింది. నేను చూశాను. చూసి ఆపలేదు. ప్లగ్గు నేనే పీకాను. రమణ దాన్ని సరిగ్గానే పెట్టాడు.

ఇది మీకు చెప్పాను, అతనికి కాదు. దీనివల్ల ఏదీ సరికాదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. అయినా ఆ మాటను ఉన్నదున్నట్టుగా అనడం ఇదే మొదటిసారి. రాసినదాన్ని పైకి చదివాను. చివరి మాట దాకా చదివాను. గుండెల మీద నుంచి ఏదో కొంచెం పక్కకు జరిగినట్టుంది.

నేను చదువుతుండగానే వంటింట్లో నా భార్య కడుగుతున్న గిన్నెల చప్పుడు ఆగింది. ఇంకా మొదలుకాలేదు.