రిలీవర్ రాలేదు

నిరుడు ద్వారకా నగర్ దగ్గర ఒక ఆసుపత్రిలో మా నాన్నకి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున్న నేను టిఫిన్‌తో వెళ్ళేసరికి, సెలైన్ సూది పీకేసి మంచం దిగబోతున్నారు.

"పడుకో నాన్నా" అన్నాను.

"రిలీవర్ రాందే ఫర్నేస్ ఒగ్గేసి ఎలా పడుకుంతాను? ఇంతకీ నువ్వెవుడివి బాబూ?"

ఆయన స్టీల్‌ప్లాంటులో రిటైరై పన్నెండేళ్ళయింది. తర్వాతి షిఫ్టు మనిషి రానిదే అక్కడెవరూ కదలరు. సరే, ఆ రిలీవర్ని నేనేనన్నాను. ఎగాదిగా చూసి, "హెల్మెట్టు లేదు, బూట్లు లేవు. నీకు డూటీ సార్జి అప్పగిస్తే ప్లాంటు పేలిపోద్ది" అన్నారు. అయోమయం ఎవరికి ఎక్కువో తేల్చుకోలేకపోయాను.

కొత్త నర్సు, "వయసైంది కదండీ, మతి తప్పింది. చేతులు కట్టేద్దాం" అంది. చదువుకున్నవాణ్ణి కదా, వెంటనే నమ్మేసి, కట్టడానికి వీలుగా ఆయన చేతులు పట్టుకున్నాను.

ఇంతలో పెద్ద సిస్టర్ వచ్చి, "మొన్నటిదాకా ఎలా ఉండీవోరు?" అని అడిగారు.

"చదరంగంలో నన్ను ఓడించారండీ."

"మరి రెండ్రోజుల్లో మతి పోద్దేటి? ఇది డెలీరియం, జబ్బు తగ్గితే పోయే కలవరం. లోపలేదో ఇన్‌ఫెక్షన్ ఉంటాది, డాక్టర్ని పిలుస్తాను. చేతులు కట్టీకండి, వాదించకండి. ఆయనకి కళ్ళజోడు పెట్టి పక్కన కూకోండి."

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. మందులు పడిన మూడోరోజు నాన్న నన్ను తేరిపార చూసి, "ఏట్రా ఆ గెడ్డం? ఆఫీసుకి అలాగే ఎల్తన్నావా?" అని కసిరారు.

గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆ రోజు కట్టడానికి ఆయన చేతులు పట్టుకున్నది నేనేనని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.