గ్రూపుల మధ్య నేను

విద్యార్థులు చిన్న గ్రూపులుగా కూర్చుని, తమలో తాము మాట్లాడుకుంటూ నేర్చుకోవడమన్నది నాకు తెగ నచ్చిన పద్ధతి. యూనివర్సిటీలో ఎకనామిక్స్ పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరగానే అమల్లో పెట్టేశాను. బెంచీలు నేలకు బిగించి ఉండటంతో ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగి కూర్చునేవాళ్లు. అలా ఆరు గ్రూపులయ్యాయి. ఒక్కో గ్రూపు దగ్గరికి వెళ్లి, వాళ్లు నోరు తెరిచేలోపే జవాబు నేనే చెప్పేసేవాణ్ని. మిగతా లెక్చరర్లు గంటకు ఒక ఉపన్యాసం ఇస్తే నేను ఆరు ఇచ్చేవాణ్ని. దాన్నే చర్చ అనుకుని మురిసిపోయేవాణ్ని.

వచ్చే ఏడాది నన్ను ఉంచాలా వద్దా అన్నది మా హెడ్ మేడమ్ నా క్లాసు ఒకటి చూసి తేల్చాలి. వద్దంటే తార్నాకలో నా అద్దె గది ఖాళీ చేయాల్సిందే. భయంతో ముందురోజే పిల్లలకు తర్ఫీదు మొదలుపెట్టాను. రేపు మీరే మాట్లాడాలి, నేను మాట్లాడకూడదు అని రెండు గంటలపాటు గొంతు చించుకున్నాను. తెల్లారేసరికి ఆ గొంతు కాస్తా పోయింది. మిరియాల పాలు తాగినా లాభం లేకపోయింది.

మేడమ్ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. చాయ్ ధర పెరిగితే తాగేవాళ్లు తగ్గుతారా అని బోర్డు మీద రాసి, నా ఉద్యోగానికి మనసులోనే దండం పెట్టేశాను.

అందరూ అలవాటుకొద్దీ నా నోటివంక చూశారు. అందులోంచి ఏమీ రాకపోయేసరికి వాళ్లే మొదలుపెట్టారు. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే అమ్మాయి ఎవరూ తగ్గరని వాదించింది. క్యాంటీన్‌లో పెంచితే మనం తార్నాక చాయ్ బండి దగ్గరికి పోమా అని పక్కబ్బాయి అడిగాడు. దాంతో ఆమె, దగ్గర్లో ఇంకో చాయ్ దొరికితేనే తగ్గుతారని తేల్చి, గ్రాఫు గీసి మరీ చూపించింది. నేనెన్నిసార్లు చెప్పినా వాళ్లకెక్కని పాఠం అది. సంతోషించాలి కదా, ముందు కుళ్లుకున్నాను.

క్లాసయ్యాక మేడమ్ నా దగ్గర ఆగారు.

"ఇంత ఓపికగ పక్కకు నిలబడే లెక్చరర్‌ను నేను చూడలే. వచ్చే ఏడు గూడ మీరే చెప్పున్రి."

అది ఓపిక కాదని చెప్పడానికి గొంతేది? చేతులు జోడించాను. ఆమె వెళ్లాక ఆ అమ్మాయి దగ్గరికొచ్చింది.

"సార్, గొంతు మంచిగయ్యేదాక రెస్ట్ తీసుకోన్రి. తొందరేం లేదు."

వెనక క్లాసంతా తలూపింది.