పిల్లికి ఇచ్చిన కుక్క మందు

ఆరేళ్లుగా ఒక మాటను నోట్లో పెట్టుకుని బతుకుతున్నాను. మింగలేను, ఉమ్మలేను. నా భర్తకు చెప్పలేదు. దేవుడికి దండం పెట్టేటప్పుడు కూడా దాన్ని దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు. అందుకే నీతో చెబుతున్నాను.

మాది సిరిసిల్ల వైపు. పెళ్లయ్యాక సూరత్ వచ్చాం. నా భర్త ఖటోదరాలో మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కడి మేస్త్రీ మల్లయ్యదీ మా వైపే. ఒక మగ్గానికి బెల్టు మీద ఉండే ఇనుప జాలీ ఊడిపోయింది. బాగు చేయించమని నా భర్త రెండుసార్లు అడిగాడు. ఏం కాదు, నడుపు అన్నాడు మేస్త్రీ. మూడో రోజు నా భర్త కుడిచేతి వేళ్లు మూడు ఆ బెల్టులో పోయాయి.

నా పగ వేళ్ల గురించి కాదు. తప్పు తన మీదికి రాకుండా మేస్త్రీ యజమానితో ఒక్క మాటన్నాడు: "తాగొచ్చిండు." కల్లు వాసన కూడా పడని మనిషిని! ఆ మాట కార్ఖానా దాటింది, మా గల్లీ దాటింది, ఊరికి చేరింది. మా మామ ఫోన్ చేసి కొడుకును మొట్టమొదట అడిగింది, "ఎందుకు తాగినవ్‌రా?" అని. కుట్లు వేసేటప్పుడు ఏడవనివాడు ఆ ఫోన్ పెట్టేసి ఏడ్చాడు. ఆ మేస్త్రీ కూడా ఒకరోజు ఇలా ఏడవాలి అనుకున్నాను. ఉత్తుత్తిగా అనుకోలేదు.

ఇల్లు గడవాలి. ఇంటర్ చదివాను కాబట్టి రింగ్ రోడ్‌కు దగ్గరలో పశువుల మందుల దుకాణంలో పని దొరికింది. మొదటి రోజే శేఠ్ రెండు డబ్బాలు చూపించాడు. ఒకటి కుక్కలకు, ఒకటి పిల్లులకు, బొచ్చులో గంతులేసే పిస్సూలు చావడానికి మెడ వెనుక వేసే మందు. చిన్న ప్లాస్టిక్ ట్యూబు. మూతి కత్తిరించి, బొచ్చు పాయ తీసి, నాలుక అందని చోట చర్మం మీద పిండాలి. బరువును బట్టి సైజు. "కుత్తేవాలా బిల్లీ కో కభీ నహీ," అన్నాడు శేఠ్, కుక్కది పిల్లికి ఎప్పుడూ వేయొద్దని. కుక్కకు ఏమీ కాని మందు పిల్లి ఒంట్లో విషమవుతుందట. డబ్బా మీద పిల్లి బొమ్మకు అడ్డంగా ఎర్రగీత కూడా ఉంటుంది.

రెండేళ్లకు ఒక ఉదయం మల్లయ్య దుకాణానికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఆసుపత్రికి వచ్చినప్పుడు నా మొహం వైపు చూసి ఉంటే కదా గుర్తుపట్టడానికి. నేను తెలుగులో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడటం విని అతని మొహం వెలిగిపోయింది. "మనోళ్లేనా బిడ్డా, బతికిపోయిన," అన్నాడు. భార్య చనిపోయిందట. ఆమె పెంచిన పిల్లి ఒక్కటే ఇంట్లో తోడట. దానికి పిస్సూలు పడ్డాయి, మంచి మందు చూసి ఇవ్వమన్నాడు.

పిల్లి మందు నా ఎడమ చేతి వైపే ఉంది. నేను కుడివైపు డబ్బా తీశాను. పెద్ద కుక్కలకు వేసేది. ట్యూబు బయటికి తీసి, డబ్బా ఉంచేసుకుని, "మొత్తం పిండు" అని చెప్పాను. పొరపాటున చేశానా? ఎన్నోసార్లు అలా నమ్మాలని చూశాను. పొరపాటైతే డబ్బా ఎందుకు దాచాను?

ఇదొక్కటే అయితే నీకు చెప్పేదాన్ని కాదేమో. ఆ సాయంత్రం మళ్లీ వచ్చాడు. తువ్వాలులో పిల్లి. బతికే ఉంది. ఒళ్లంతా వణుకు, నోట్లో నురగ.

"జర చూడు బిడ్డా, ఏందిది గిట్లయితుంది? పొద్దుగాల మందేసిన, పగటీలి సంది వణుకుతనే ఉన్నది."

"ఎంత ఏసినవ్?"

"మొత్తం. నువ్వే చెప్పితివి గదా."

"నేను సగమే అన్న. నువ్వే ఎక్కువేసినవ్."

అతను నా వైపు చూశాడు. "అట్లనా," అన్నాడు. "నేనే సక్కగ ఇనలేదా ఏంది."

"ఇంటికి తీస్కపో. తగ్గుతది."

తగ్గదని నాకు తెలుసు. సబ్బునీళ్లతో కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తించి, ఏ మందు పడిందో చెప్పి ఉంటే బతికేదేమో. పశువుల డాక్టర్ రెండు సందుల అవతలే. నేను చూపుడువేలు ఎత్తి దారి చూపిస్తే చాలు. ఎత్తలేదు. ఎందుకంటే ఆ క్షణంలో వాడి కళ్లలో భయం చూశాను, నాకు హాయిగా ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆకలి మీద అన్నం తిన్నంత హాయి.

కొన్నాళ్లకు నా భర్త కూరగాయల బండి దగ్గర మల్లయ్యను చూశాడట. ఎడమచేత్తో సంచీ దించుతూ చెప్పాడు. మేస్త్రీ పిల్లి చచ్చిపోయిందట, మందు ఎక్కువేసి తన చేతులతో తనే చంపుకున్నానని కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాడట.

"నిన్ను తాగుబోతును చేసినందుకు ఏమన్నా అన్నడా?" అడిగాను.

"ఏమనలే. పాపం, మనిషి సగమైండు," అన్నాడు నా భర్త.

ఆ "పాపం" నన్ను కోసింది. నా భర్తలో పుట్టిన జాలి నాలో ఎందుకు పుట్టలేదు? మేస్త్రీ తన తప్పును ఒక అమాయకుడి మీద వేశాడు, నేనూ అదే చేశాను. అయితే వేళ్లు పోవాలని కోరి వాడు చేయలేదు, నేను మాత్రం తెలిసే చేశాను. మరి మా ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దది? ఈ లెక్క నాకు తేలడం లేదు.

ఒకటి మాత్రం దాచను. మల్లయ్య మీద నా కోపం తగ్గలేదు. రేపు ఎదురుపడితే క్షమించమని అడగను, క్షమించను. కానీ ఆ తువ్వాలులోది ఎవరినీ తాగుబోతు అనలేదు. బూడిద రంగుది, ఒక చెవి కొస చిరిగి ఉంది. వణుకుతూనే, బల్ల మీద పెట్టిన నా చేతికి తల ఆనించింది.

దాన్ని నేను చంపాను. తెలిసి చంపాను. ఈ రెండు ముక్కలు ఇవాళే మొదటిసారి రాస్తున్నాను. నువ్వు నన్నేమనుకున్నా సరే. నోరు ఖాళీ అయింది.