కత్తి పక్కనే పొట్టేలు

అరవైల చివర్లో మేము రామతీర్థం దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా నాలుగేళ్ల బాబు కోసం విజయనగరంలో బైబిలు కథల బొమ్మల పుస్తకం కొన్నాను. కొన్న రోజే అబ్రాహాము కథ చదివాను. కొడుకుచేత కట్టెలు మోయించి కొండెక్కిన తండ్రి, బలి ఇవ్వడానికి కత్తెత్తిన బొమ్మ దగ్గరే బాబు నిద్రపోయాడు. కొడుక్కి బదులు దేవుడు పొట్టేలును చూపించిన బొమ్మ తర్వాతి పేజీలో ఉంది.

మర్నాడు మా ఆయన కత్తి, తాడు పట్టుకుని, "రారా, కొండకెల్లి కట్టెలు తెద్దాం" అన్నారు. బాబు వీధిలోకి పరుగెత్తి, "నానెల్లను! అయ్య నన్ను సంపేత్తాడు!" అని ఒకటే ఏడుపు. వీధంతా మూగింది.

"ఏటయ్యా, పిల్లోడ్ని ఏటి సేసినావు?" అని పక్కింటి అవ్వ నిలదీస్తే, ఆయన చేతిలో కత్తిని వీపు వెనక్కి దాచుకున్నారు. నేను పొట్టేలు బొమ్మ చూపించబోతే బాబు కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు.

వెంటనే పుస్తకం తీసుకుని విజయనగరం బస్సెక్కాను.

"బొమ్మలు బాగానే ఉన్నాయి కదమ్మా, ఇంకేటి కావాల?" అన్నాడు కొట్టాయన.

"కత్తి, పొట్టేలు ఒకే బొమ్మలో ఉండాలి. అలాంటిది ఇచ్చేదాకా కదల్ను" అని అక్కడే కూర్చున్నాను. విసుక్కుంటూనే ఉన్నవన్నీ దింపాడు. చివరికి ఒకటి దొరికింది. ఆనాటి నుంచి పిల్లలకు ఏ కథల పుస్తకం కొన్నా, కత్తి ఉన్న పేజీయే ముందు చూస్తాను.

కొత్త బొమ్మలో పొట్టేలు మీద వేలు పెట్టి బాబు చాలాసేపు చూశాడు. తర్వాత తానే తాడు తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు.

"కొండకెల్దాం అయ్యా. పొట్టేలు ఉంటాది కదా!"