నేను ఫిట్ అని రాసిచ్చిన కారు

రైల్వేలో నా ఉద్యోగం బళ్లను అనుమానించడం. బిలాస్‌పూర్ యార్డులో ముప్ఫై ఏళ్లు సుత్తితో వ్యాగన్ చక్రాలు కొట్టి, మోత విని, బ్రేకులు చూసి, ఫిట్ అని కాగితం రాసిచ్చేవాణ్ని. ఆ కాగితం లేనిదే గూడ్సు కదలదు. అందుకే మా బంధువుల్లో ఎవరు స్కూటర్ కొన్నా ముందు నాకు చూపించేవారు. నాకూ అదొక గొప్పగా ఉండేది, కాదనను.

మా చెల్లెలి భర్తకు వ్యాపార్ విహార్ బజారులో టోకు వ్యాపారం. మూడేళ్ల క్రితం ఆయనకు రాయ్‌పూర్‌లో ఒక ఖరీదైన విదేశీ కారు బేరం కుదిరింది. ఎవరో వాడి అమ్మేస్తున్నది, వేగానికి పేరుమోసింది. "బావా, కన్ను మూసి తెరిసేలోగా వందకెళ్లిపోతాది" అని మురిసిపోయాడు. మా చెల్లికి మాత్రం భయం.

"అన్నయ్యా, నువ్వు సూసి ఫిట్టన్నాకే ఆ బండి ఇంటికొస్తాది. నీ మాటే నా ధైర్యం" అంది.

వారం రోజులు ఆ కారు జాతకమంతా చదివాను. విదేశాల్లో దాన్ని గోడకు గుద్దించి రాసిన రిపోర్టులు, కంపెనీ వెనక్కి పిలిచి మార్చిన భాగాల జాబితా, సర్వీసు పుస్తకం, ఏదీ వదల్లేదు. సిర్గిట్టిలో ఒక వర్క్‌షాపులో పైకెత్తించి కిందికి దూరాను. అలవాటు కొద్దీ చక్రం మీద సుత్తితో కొట్టబోతే మెకానిక్ చెయ్యి పట్టుకుని, "అంకుల్, యే రైల్ నహీఁ హై" అని నవ్వాడు, ఇది రైలు కాదంటూ. అది ఎంత వేగంగా పోతుందో నాకు అక్కర్లేదు. ఎలా ఆగుతుందో, ఆగకపోతే లోపలి మనిషి ఏమవుతాడో కావాలి. ముందు సీట్ల అంచులో, తలుపు వైపు, ఎయిర్‌బ్యాగ్ ఉందనీ, పక్కనుంచి దెబ్బ తగిలితే అది సీటు కుట్టు చీల్చుకుని బయటికొచ్చి మనిషిని కాస్తుందనీ చదివి తెగ మెచ్చుకున్నాను.

తెల్లకాగితం మీద ఫిట్ అని రాసి సంతకం పెట్టాను. మా చెల్లి దానికి పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది.

మాది బొగ్గు దుమ్ము ఊరు. రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఆడవాళ్లు కనిపించిన వస్తువుకల్లా కవరు కుడతారు. టీవీకి, మిక్సీకి, చివరికి ఫ్రిజ్ పిడికి కూడా. తెల్లటి తోలు సీట్లు చూసి మా చెల్లి ఊరుకుంటుందా? దళసరి కాన్వాసు తెచ్చి, మా అమ్మ వాడిన కుట్టుమిషను మీద, రెండేసి వరసల కుట్టుతో కవర్లు కుట్టి తొడిగేసింది. నేను చూశాను. చూడగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తొచ్చింది కూడా. యార్డులో ఫిట్ అన్నాక బండికి ఒక్క వ్యాగన్ కొత్తగా తగిలించినా పాత కాగితం చెల్లదు, మళ్లీ మొదటినుంచి చూడాలి. కొత్తగా చేరినవాళ్లకు అది నేర్పినవాణ్ని నేనే.

"బాగున్నాయేటి అన్నయ్యా?" అని అంత సంబరంగా అడిగితే నోరు రాలేదు.

"ఏ దర్జీ ఇంత గట్టిగా కుట్టడమ్మా" అన్నాను.

ఆరు నెలలకు తఖత్‌పూర్ రోడ్డులో, పక్కదారినుంచి వచ్చిన లారీ ఒకటి కారును డ్రైవరు వైపు తలుపు మీద గుద్దింది. కారులో బావ ఒక్కడే ఉన్నాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

ఇన్సూరెన్సు సర్వేయరుతో కలిసి నేనూ ఆ కారును చూశాను. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోబోయి, కవరు కింద ఉబ్బి అక్కడే చిక్కుకుపోయింది. ఇది బయటికొచ్చి ఉంటే బతికేవాడేమో, కచ్చితంగా చెప్పలేం అన్నాడాయన. మా చెల్లి కుట్టులో ఒక్క పోగు తెగలేదు.

పన్నెండో రోజున అందరి ముందూ అడిగింది. "నువ్వు ఫిట్టన్నావు కదా అన్నయ్యా. మరేటైనాది?"

నిజం నోటిదాకా వచ్చింది. ఆమె చేతులు చూసి మింగేశాను. "నేనే సరిగ్గా చూడలేదమ్మా" అన్నాను. అది అబద్ధమూ కాదు. ఆ రోజునుంచి నాతో మాటల్లేవు. రాఖీకి కూడా రాలేదు. నేను పడవలసిందే కదా అనుకున్నాను గానీ, ఒక్కగానొక్క చెల్లెలు, రోజూ ఏడుపొచ్చేది.

మొన్న మా మేనకోడలు బ్యాంకు ఉద్యోగంలో చేరి చిన్న కారు కొనుక్కుంది. నన్నెవరూ చూడమనలేదు. ఆ పిల్లే ఫోన్ చేసి, "మావయ్యా, మమ్మీ పొద్దుట్నుంచీ సీట్ కవర్సే సిల్ రహీ హై" అని నవ్వింది. పొద్దుట్నుంచీ కవర్లే కుడుతోందట. సీట్లలో ఎయిర్‌బ్యాగులున్నాయా అని అడిగాను. ఉన్నాయంది. పిల్లకు చెబితే తల్లిని నొప్పించలేక నాలాగే ఊరుకుంటుంది. చెప్పులేసుకుని బయల్దేరాను.

గుమ్మంలో నిలబడ్డాను. ముందుగదిలో అమ్మ మిషను, దాని మీద అదే రకం కాన్వాసు. చెల్లి తలెత్తి చూసి, మళ్లీ తల వంచుకుని కుట్టసాగింది.

"ఆ కవర్లు వెయ్యొద్దమ్మా" అన్నాను.

"ఏఁ?" అంది. రెండున్నరేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట.

ఏదైనా అబద్ధం దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. "పక్కనుంచి ఎయిర్‌బ్యాగ్ రావాలి. దానికి దారుండాలి" అన్నాను.

ఆమె పాదం ఆగింది. చక్రం ఇంకో చుట్టు తిరిగి నిలిచింది. చేతిలోని అంచును, దాని మీది రెండు వరసల కుట్టును చాలాసేపు చూసింది.

"ఆ బండికీ నేనే కుట్టీసాను కదా, అన్నయ్యా" అంది.