అన్న రాని ఆట

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. మెడలో టై, జేబులో చిన్న నోటుబుక్కు. ఏ సంగతినైనా ముందు ఆ పుస్తకంలో రాసేసుకుంటే ఇక అది అర్థమైపోయినట్టేనని నమ్మేవాణ్ణి. దాదర్‌లో ఒక టూరు కంపెనీలో ఉద్యోగం. మరాఠీ కుటుంబాలను ముప్ఫై నలభై మంది చొప్పున విదేశాలకు తీసుకుపోయి, ఒక్కరినీ పోగొట్టకుండా మళ్లీ ముంబయిలో దింపడం కంపెనీ పని. బస్సెక్కిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టడం, మధ్యాహ్నం చివ్డా పొట్లాలు పంచడం నా పని. (తలలూ పొట్లాలూ సమానంగా వచ్చిన రోజు నాకు పండగ.) మూడేళ్లు పనిచేసినవాళ్లు గుంపులో ఖాళీ సీట్లుంటే ఇంట్లో ఒకరిద్దరిని వెంట తీసుకుపోవచ్చని అక్కడ ఒక రివాజు ఉండేది. ఆ సంగతి చెప్పిన వారంలోనే నాన్న తనకూ అత్తకూ పాస్‌పోర్టులకు దరఖాస్తు పెట్టాడు. ఇద్దరికీ వచ్చాయి. నా మూడేళ్లు నిండేసరికి నాన్న లేడు.

మా ఇల్లు కామాటిపురాలో, చాల్ అనే ఒంటిగదుల వరసల భవనంలో, రెండో అంతస్తులో ఒక గది. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. అత్త నాన్నకు చెల్లెలు. భర్త పోయిన ఏడాది, నేను పుట్టకముందే, నాన్నే పాలమూరు వెళ్లి ఆమెను ముంబయి తీసుకొచ్చాడు. నన్ను పెంచింది ఆమె. గుమ్మం దగ్గర చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ పెంచింది. ఆమెకు ఇంకో విద్య కూడా ఉండేది. చాల్‌లో ఎవరైనా పోతే ఆడవాళ్లు ముందు అత్త కోసం కబురు పంపేవాళ్లు. రాగం తీసి ఏడవడంలో ఆమెను మించినవాళ్లు మా గల్లీలో లేరు. నేను చాలా పుస్తకాలు చదివాను, చావు మీద రాసిన కవిత్వం కూడా చదివాను. అత్త ఏడుపులో ఉన్న నిజాయితీ చాలా వాటిలో కనిపించలేదు. ఆమె ఎవరినీ చంద్రుడనీ దేవుడనీ అనేది కాదు. పోయినవాడు ఏం తినేవాడో, ఎక్కడ కూర్చునేవాడో, మెట్లెక్కుతూ ఎక్కడ ఆగి దగ్గేవాడో, అదే వరసగా చెప్పుకుపోయేది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వంత పాడేవాళ్లు. అప్పటిదాకా పోయినవాడితో మాటల్లేనివాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవాళ్లు.

అలాంటి మనిషికి, నాన్న పోయిన రోజున గొంతు రాలేదు. కాళ్ల దగ్గర కూర్చుని నోరు తెరిచింది. శబ్దం రాలేదు. ఆడవాళ్లు కాసేపు చూశారు. పక్క గది ముసలమ్మ, పాఠం మరిచిపోయిన పిల్లకు అందించినట్టు, మెల్లగా "ఓ అన్నా..." అని మొదలుపెట్టి ఇచ్చింది. అత్త ఆమెకేసి చూసి, "నీళ్లు కాగినయో లేదో చూస్త" అని లేచిపోయింది. ఆ తరవాత ఎనిమిది నెలలపాటు ఒక్క కన్నీటి చుక్క లేదు. అన్నం సగానికి తగ్గించింది. నాన్న పేరెత్తితే బీడీలు చుట్టే చెయ్యి ఆగేది, అంతే. వేరేవాళ్ల చావులకు పిలిచినా పోవడం మానేసింది. "తోడబుట్టినోనికే ఏడ్వలే, మందికేమేడుస్తది, గుండె రాయైంది" అని నల్లా దగ్గర అనుకునేవాళ్లు. ఆమె విననట్టు బిందె నింపుకుని వచ్చేది. ఆమె ఒక్కసారి ఏడిస్తే చాలునని నేను రోజూ అనుకునేవాణ్ణి. ఎలా ఏడిపించాలో తెలియక, టర్కీ తీసుకుపోయాను.

మా గుంపుకు పెద్ద శిట్టీ సాబ్. ఎప్పుడూ మెడలో శిట్టీ, అంటే ఈల, వేలాడుతుండేది కాబట్టి మేం పెట్టుకున్న పేరది. ఇస్తాంబుల్‌లో మూడో రోజు విడవని వాన. పడవ షికారు రద్దయింది. ముప్ఫై నలుగురిని హోటల్లో కూర్చోబెడితే ఏమవుతుందో ఆయనకు అనుభవమే. మధ్యాహ్నం రెండింటికి ఒక నాటకశాలలో పిల్లలూ పెద్దలూ కలిసి చూసే పాటల నాటకం ఉందని అక్కడి గైడు చెబితే, ఈల వేసి అందరినీ అక్కడికి నడిపించాడు. "భాష రాదు కదా సాబ్?" అన్నాను. "పాటలకు భాషేంటి? తలలు లెక్కపెట్టు" అన్నాడు.

ఎర్ర తెర లేవగానే నేను తలల లెక్క మరిచిపోయాను. వేదిక నిండా సముద్రం. నిజానికి అది పొడుగాటి నీలి బట్ట. నల్ల బట్టలు వేసుకున్న ఆరుగురు రెండు వైపులా పట్టుకుని ఊపుతున్నారు. మధ్యలో ఒక దీపస్తంభం. దాని మెట్ల మీద పదేళ్ల పిల్ల, ముందు పన్ను ఒకటి లేదు, నిలబడి పాడుతోంది. ఆ పన్ను సందులోంచి గాలి పోతున్నా స్వరం అంగుళం జరగలేదు. అత్త ముందుకు వంగింది. "బట్ట ఊపెటోళ్లను చూసినవా బిడ్డా? ఒక్కని చెయ్యన్న కనవడ్తలేదు. పని అంటే అట్లుండాలె" అంది. ఎనిమిది నెలల్లో ఆమె దేన్నైనా మెచ్చుకోవడం అదే మొదలు.

కథ తేలికే. దీపస్తంభం కాపలాదారు కూతురు ఆ పిల్ల. తల్లి పడవ మీద పొగమంచులోకి వెళ్లి తిరిగి రాలేదు. రెక్క విరిగిన సముద్రపక్షిని తోడు తీసుకుని పిల్ల తల్లిని వెతుక్కుంటూ పోతుంది. ఇదంతా నాకెలా తెలిసిందంటే, నా నోటుబుక్కులో ఇరవై టర్కీ మాటలు రాసుకున్నాను. వాటిలో నాలుగోది: అన్నె, తల్లి.

అత్త దగ్గర నోటుబుక్కు లేదు. కామాటిపురా ఉంది. ఆ గల్లీల్లో నలభై ఏళ్లు ఉన్న మనిషికి రాని భాష ఉండదని ఆమె లెక్క. నాటకంలో 'దునియా' అన్నారు, 'హవా' అన్నారు, 'చాయ్' అన్నారు. ప్రతి మాటకూ అత్త తల ఊపింది. పిల్ల తండ్రిని 'బాబా' అని పిలిచేసరికి ఆమెకు పూర్తి ధైర్యం వచ్చింది. "చూడు, బాబా అంటుంది, మరాఠోళ్ల లెక్కనే" అంది. సరిగ్గా అప్పుడే పిల్ల సముద్రం వైపు తిరిగి, చేతులు చాచి, గొంతెత్తి పిలిచింది: "అన్నె! అన్నె!"

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "అన్నా అంటుందిరా!"

"అది కాదత్తా, ఈళ్ల భాషల..."

"నువ్వు కితాబుల చదివినవ్. నేను చెవులతోని వింటున్న. ఊకో."

నోటుబుక్కు కోసం జేబులో పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ముందు వరసలో మా గుంపు మరాఠీ ఆడవాళ్లు వెనక్కి తిరిగి, "మావశీ, కాయ్ మ్హణతే తీ?" అని అడిగారు. ఆ పిల్ల ఏమంటోందో చెప్పమని. అంతే, అత్త రెండు వరసలకు దుబాసీ అయిపోయింది. ఆమె మరాఠీలో చెప్పిన కథ ఇది: పిల్లకు తల్లి లేదు. సాకింది అన్న. అన్న కూలికని సముద్రం మీద దూరదేశం పోయాడు. ("ముంబయికే వోయిండొచ్చు" అని నాతో పక్కకు తెలుగులో అంది.) జాబు లేదు, ఫోను లేదు. ముసలి బాబా దీపం పెట్టుకుని కూర్చున్నాడు. నేను విని ఆశ్చర్యపోయాను. నాటకంలోని ప్రతి దృశ్యమూ ఆ కథలో చక్కగా ఇమిడిపోయింది. ఒక చోట పిల్ల చలికి వణుకుతూ పాత శాలువా కప్పుకుని వాసన చూసింది. "అన్నది" అంది అత్త. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు.

చివరి దృశ్యం వచ్చింది. మంచు విడిపోయింది. నీలి బట్ట నిదానమైంది. దాని మీద ఒక పడవ, పడవలో తెల్లటి దుస్తుల్లో ఒక స్త్రీ. పిల్ల పరుగెత్తి ఆమెను చుట్టేసుకుంది. వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగాయి. హాలంతా తాళం వేస్తూ చప్పట్లు మొదలుపెట్టింది. అత్త మాత్రం పడవకేసి చూస్తోంది. పడవలో ఇంకెవరూ లేరు. వేదికకు ఆ చివర, ఈ చివర వెతికింది. తరవాత ముందు వరసకు మెల్లగా చెప్పింది: "వహినీ ఆలీ. దాదా నాహీ ఆలా."

వదిన వచ్చింది, అన్న రాలేదు.

హాలంతా సంబరంతో చప్పట్లు కొడుతుంటే మా రెండు వరసల్లో జేబురుమాళ్లు బయటికొచ్చాయి. నాకు నవ్వొచ్చింది కూడా. చెబుదామని అత్త వైపు తిరిగాను. ఆమె నోరు తెరిచి ఉంది, ఆ రోజు నాన్న కాళ్ల దగ్గర ఉన్నట్టే. ఇప్పుడు శబ్దం వచ్చింది.

"ఓ అన్నా... నా తోడబుట్టిన అన్నా... చాయ్ చల్లగైతే ముట్టకపోదువు అన్నా... నల్లా వస్తే నా బిందె ముందుగాల వెట్టిద్దువు అన్నా... పాసుపోటు నీకూ అచ్చె, నాకూ అచ్చె, ఇమానమెక్కి నేనొస్తి, నువ్వు రాకపోతివి అన్నా..."

నాలుగంతస్తుల చాల్‌కు వినిపించిన గొంతు అది. వాద్యాలు ఒకటొకటిగా తగ్గాయి. చప్పట్లు ఆగాయి. వేదిక మీది పిల్ల చీకట్లోకి కళ్లు చికిలించి చూసింది. పిల్లల నాటకాల్లో ప్రేక్షకులు కలిసి అరవడం మామూలే కదా, ఇదీ అలాంటిదే అనుకుందేమో. వేదిక అంచుకు వచ్చి, చేతులు చాచి, తన రాగంలోనే "అన్నె!" అని అందుకుంది. దాంతో హాల్లో ఉన్న పిల్లలంతా లేచి నిలబడి "అన్నె!" అన్నారు. అత్త ఒక మాట, పిల్లలు ఒక వంత. ఏ చావింట్లోనూ ఆమెకు అంత పెద్ద వంత దొరకలేదు. ఆమె ఆగలేదు. మెట్ల మీద నాన్న ఆగే చోటు చెప్పింది, ఆయన చెప్పులు చెప్పింది, ఆదివారం ఆయన తెచ్చే చేప చెప్పింది. అత్తకు అవతలి పక్కన, మనవడితో వచ్చిన ఒక టర్కీ ముసలావిడ అప్పటిదాకా బిగపట్టుకుని కూర్చుంది. ఇక ఆగలేక అత్త చెయ్యి పట్టుకుని తనూ ఏడవసాగింది. "అన్నె... అన్నె..." ఆవిడ తన తల్లి కోసం, ఈమె తన అన్న కోసం. ఇద్దరూ తలలు ఆనించుకుని ఏడ్చారు.

ఇంత జరుగుతుంటే నేనేం చేస్తున్నానంటే, సీటు కిందికి వంగి బూటు లేసు వెతుకుతున్నాను. (నా బూట్లకు లేసులు లేవు.) శిట్టీ సాబ్ చీకట్లో పాక్కుంటూ వచ్చి, "ఎవరా ఏడ్చేది?" అన్నాడు. మా అత్త అని చెప్పవచ్చు. నేను, "సీటు నంబరు ఇరవై ఏడు, సాబ్" అన్నాను. ఆయన ఈల నోటిదాకా తెచ్చి, అత్తను కాసేపు చూసి, మళ్లీ చొక్కా లోపల వేసుకున్నాడు. "ఉండనీ" అని నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

బయటికొచ్చాక వాన తగ్గింది. అత్త ముఖం వాచిపోయింది, కానీ నాన్న ఉన్నప్పటి ముఖం అది. వరసగా మూడు గ్లాసుల చాయ్ తాగింది. నువ్వులద్దిన రొట్టె ఒకటి పూర్తిగా తిని, నా చేతిలోది సగం తుంచుకుంది.

"ఆ ముసలామె అన్న గూడ పోయిండారా?"

జేబులో నోటుబుక్కు ఉంది. నాలుగో మాట ఉంది.

"పోయిండత్తా."

"అనుకున్న. పాపం" అంది. "ఎన్నొద్దులాయెనో, అడగకపోతివి."

ఇంటికొచ్చాక అత్త మళ్లీ అన్నం కడుపునిండా తినడం, నాన్నను తిట్టడం మొదలుపెట్టింది. ("నీ నాయన గీ కిటికీ గిట్లనే వదిలిపెట్టి వాయె.") చావులకు పిలిస్తే పోయేది. టర్కీ నాటకం కథను చాల్‌లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. నేను పక్కనే ఉండి, తప్పు దిద్దకుండా, వినేవాణ్ణి. ఆ కథే బాగుందని కొన్నాళ్లకు నాకూ అనిపించింది. చాలా ఏళ్ల తరవాత మా అమ్మాయి ఫోనులో ఏదో టర్కీ సీరియల్ చూస్తూ, "ఆజీ, అన్నె అంటే ఆయీ అట" అని మరాఠీలో చెప్పేసింది. ఆయీ అంటే అమ్మ. అత్త చేట పక్కన పెట్టింది. నాకేసి తిరిగింది. తిట్లకు సిద్ధపడ్డాను.

"నీకు అప్పుడే ఎరుకనా?"

"ఎరుకే అత్తా."

ఆమె పొగాకు అంటిన వేళ్లు దులుపుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. నవ్వు ఆగాక ఏదో గుర్తొచ్చినట్టు ముఖం పెట్టింది.

"అమ్మ దొరికింది, మంచిదాయె. మరి ఆ పోరికి అన్న ఉన్నడా, లేడా?"

"నాటకంల చెప్పలేదత్తా."

"అది చెప్పాలె గదా ముందుగాల" అని చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

అత్త పోయి మూడు నెలలైంది. రాగం తీసేవాళ్లు మా చాల్‌లో ఇప్పుడు ఎవరూ లేరు. పిల్లలు మరాఠీలో మాట్లాడుకుంటారు, చావింట్లో చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడతారు. నేనూ అలాగే నిలబడ్డాను. ఇంకా ఏడవలేదు. తొందర లేదు, ఆమెకే ఎనిమిది నెలలు పట్టింది. చీకట్లో టై వేలాడేసుకుని, లేని లేసులు వెతుకుతూ, తనను పెంచిన మనిషిని సీటు నంబరుతో చెప్పిన ఆ ఇరవై నాలుగేళ్లవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ప్రస్తుతానికి నాకు వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది.