ఎక్స్‌టర్నల్‌గారి గుండె కుడివైపుకు వెళ్లిన రోజు

ఢిల్లీలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, బయోమెడికల్ ఇంజనీరింగ్ లాబ్‌కు నేను టెక్నికల్ ఆఫీసర్ని. రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక మే నెలలో, మూడో సంవత్సరం ప్రాక్టికల్స్ డ్యూటీ నాకు పడింది. పరికరాలు అందించడమే నా పని. పరీక్షలో నోరు విప్పే అధికారం ఆ హోదాకు లేదు.

ఢిల్లీ శివారులోని ఇందిరాపురం నుంచి వచ్చే శ్రావ్యకు అది రెండో ప్రయత్నం. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. తెలుగువాళ్ల పిల్లే గానీ, తెలుగులో పలకరిస్తే సగం హిందీలో జవాబిచ్చేది. ఆమెకు ఈసీజీ ప్రయోగం వచ్చింది. తను కట్టిన సర్క్యూట్‌తో ఒక మనిషి గుండె తరంగాన్ని తెర మీద చూపించాలి. వేరే కాలేజీ నుంచి పరీక్షించడానికి వచ్చిన ఎక్స్‌టర్నల్ శర్మగారు, ఆ మనిషిని నేనే అంటూ ఉత్సాహంగా బల్ల మీద పడుకున్నారు.

ఎర్ర వైరు కుడి చేతికి, పసుపుది ఎడమ చేతికి పెట్టాలి. శ్రావ్య ఎర్రది పట్టుకుని ఆగిపోయింది. నాకు మనసొప్పలేదు. శర్మగారికి తెలుగు రాదన్న ధీమాతో, “ఎర్రది కుడి చేతికమ్మా” అని గొణిగాను. ఆమె తలూపి, దాన్ని ఆయన ఎడమ చేతికి తగిలించింది.

తరంగం తలకిందులుగా వచ్చింది. గుండె కుడివైపున ఉన్నవాళ్లకు అలా వస్తుందని శర్మగారే ఏటా పాఠం చెబుతారు. ఆయన మెడ తిప్పి తెర చూసి తెల్లబోయారు. ఇంటికి ఫోన్ చెయ్యమన్నారు.

శ్రావ్య మాత్రం, “సర్, ఆప్‌కా దిల్ ఠీక్ హై. వైర్ ఉల్టే హై” అని రెండు వైర్లూ మార్చింది. తరంగం నిటారుగా నిలబడింది. తప్పును తానే పట్టుకుందని శర్మగారు మెచ్చుకుని పాస్ చేశారు. నా గొణుగుడు సంగతి ఆమె ఎత్తనే లేదు.

తర్వాత కారిడార్‌లో ఆపి, కుడి అంటే ఎడమకెందుకు పెట్టావని అడిగాను.

“కుడి చెయ్యి అంటే అన్నం తినే చెయ్యి అని మమ్మీ చెప్పింది అంకుల్. నేను దీంతోనే తింటా” అని ఎడమ చెయ్యి చూపించింది.

మరి అసలు ఎందుకు ఆగిపోయావన్నాను.

“క్లిప్ ఢీలా థా, అది చూస్తున్నా. రెడ్ అంటే రైట్ అని నాకు పతా థా, ముందే తెలుసు. మీరు చెప్పారని, ఈ లాబ్‌లో వేరేగా ఉంటుందేమో అనుకున్నా.”

పరీక్షలో విద్యార్థి ఆగితే ఆలోచిస్తున్నట్టు లెక్క. ఆ మాత్రం తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ల సర్వీసూ, ఒక ఎక్స్‌టర్నల్‌గారి గుండే కావలసి వచ్చాయి.